ఇరవై రెండు రోజులు ముందు నడిచిన కంప్యూటర్

ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారం సరిగా నడవనప్పుడు దాన్ని సరిచేయడం నా వృత్తి. తిరుపతిలో, బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న ఒక సర్వీస్ సెంటర్‌లో చాలా ఏళ్ళు ఆ పని చేసి, పోయిన ఏడాది మానేశాను. దీన్ని మా వాళ్ళు ‘సింక్ ప్రాబ్లం’ అంటారు. ఫోన్‌లో ఉన్నది కంప్యూటర్‌లోకి రావాలి, కంప్యూటర్‌లో మార్చింది ఫోన్‌లోకి పోవాలి, రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పవు. అప్పుడు మనల్ని పిలుస్తారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఏ కోర్సు చేయాలి, ఏ పనిముట్లు కొనాలి అని నన్ను అడుగుతుంటారు. వాటి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. కోర్సుల్లో చెప్పనిది ఒకటి నేను చెప్పగలను. ఈ వృత్తిలో యంత్రాల కంటే నమ్మకాలనే ఎక్కువగా విప్పి చూడాల్సి వస్తుంది. అందులో మన సొంత నమ్మకాలు కూడా ఉంటాయి. మొదటి మాట నాకు ఉద్యోగంలో చేరిన వారానికే తెలిసింది. రెండోది తెలియడానికి దాదాపు ఉద్యోగ జీవితమంతా పట్టింది.

నేను హేతువాదిని. కుర్రతనంలో చిత్తూరులో జరిగిన ప్రతి చర్చా వేదిక మీదా గొంతు చించుకున్నవాడిని. జాతకాల మీద, ముహూర్తాల మీద, పిల్లి ఎదురు రావడం మీద ఎంతసేపైనా మాట్లాడగలను. ఉద్యోగంలో చేరాక వేదికలు తగ్గాయి గానీ శ్రోతలు తగ్గలేదు. ఫోన్ విప్పి ముక్కలుగా బల్ల మీద పరిచినవాడిని వదిలి కస్టమర్ ఎక్కడికి పోగలడు? నా ఉపన్యాసం పూర్తయ్యేదాకా నేను మరలు బిగించేవాణ్ణి కాదు.

దేవుళ్ళను తుడిచే ఉద్యోగం

కాణిపాకంలో కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఆయన ఫోన్‌లోని నంబర్లు కంప్యూటర్‌లోకి రావడం లేదు. చూస్తే ఫోన్‌లో సూది దూరేంత చోటు కూడా లేదు. రోజూ పొద్దున్నే బంధువులూ స్నేహితులూ పంపే శుభోదయాల బొమ్మలతో నిండిపోయింది. ప్రతి బొమ్మలోనూ ఒక దేవుడు, ఒక గులాబీ, ఒక కాఫీ కప్పు. ఇవి తీసేస్తే సరిపోతుందని చెప్పాను. ఆయన చెంపలు వేసుకున్నాడు. దేవుణ్ణి చేతులారా తుడిచేయడం తనవల్ల కాదన్నాడు. నేను అరగంట వాదించాను. అది దేవుడు కాదు, రంగుల చుక్కల లెక్క అన్నాను. ఆయన అంతా ఓపిగ్గా విని, చివరికి ఫోన్ నా వైపు తోశాడు.

“మీరే తుడిచేయండి సార్. మీకు ఎట్లాగూ నమ్మకం లేదు కదా, పాపం అంటదు.”

తుడిచేశాను. నంబర్లు హాయిగా వచ్చేశాయి. ఆయన ఊరికి పోయి ఈ సంగతి అందరికీ చెప్పినట్టున్నాడు. ఆ తర్వాత నెలల తరబడి, తిరుపతిలో దేవుళ్ళను తుడిచే నాస్తికుడు ఎక్కడుంటాడు అని వెతుక్కుంటూ జనం వచ్చారు. కొండకు నడిచి వెళ్ళే భక్తులు అలిపిరి దారిలో ఫోటోలు తీసుకోవడానికి చోటు కావాలని, ముందు నా దగ్గరికి వచ్చి పాత దేవుళ్ళను ఖాళీ చేయించుకుని పోయేవారు. నేను జీవితమంతా వ్యతిరేకించిన వ్యవస్థ నాకొక ఉద్యోగం ఇచ్చింది. ఆ ఉద్యోగం నేను బాగా చేశాను కూడా.

గురవయ్య గారి సూత్రం

మా మేనేజర్ గురవయ్య గారు చేతిపనిలో గొప్ప మనిషి. వెంట్రుక మందం తీగను వణకకుండా అతికేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన చేసిన మేలు అది. ఆయన చేసిన కీడు కూడా చెప్పాలి. పెద్దవాళ్ళ గురించి రాసేటప్పుడు మేలు మాత్రమే రాసే అలవాటు మన దేశంలో ఎక్కువ. అది గౌరవం కాదు, సోమరితనం.

ఆయన సూత్రం ఒకటే. “కస్టమర్ నోరు వినొద్దప్పా, వైరును సూడు.” కస్టమర్లు అబద్ధాలు చెప్తారు, నీళ్ళలో పడేసి పడలేదంటారు, కాబట్టి వాళ్ళ మాట వినడం కాలయాపన అని ఆయన నమ్మకం.

పలమనేరు నుంచి ఒక పాడి రైతు వచ్చాడు. తన ఫోన్ పలమనేరులో కంప్యూటర్‌తో కలవదనీ, తిరుపతికి తెస్తే కలుస్తుందనీ చెప్పాడు. గురవయ్య గారు పగలబడి నవ్వి, మా బల్ల మీద కలిపి చూపించి పంపేశాడు. ఆ రైతు అదే మాటతో మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు గురవయ్య గారు సెలవులో ఉన్నాడు. నేను విప్పి చూశాను. తీగ పెట్టే చోట అతుకులో సన్నని చీలిక. ఎండకు వేడెక్కితే లోహం వ్యాకోచించి అతుక్కుంటోంది, చలికి విడిపోతోంది. పలమనేరు చల్లని ఊరు, తిరుపతి మండే ఊరు. ఆ రైతు చెప్పింది అక్షరాలా నిజం.

ఆ రోజే నేను గురవయ్య గారి సూత్రాన్ని చెత్తబుట్టలో వేసి ఉండాల్సింది. వేయలేదు. అతుకు వేసి, రైతును పంపేసి, లోహాలు ఎందుకు వ్యాకోచిస్తాయో పక్క బల్ల వాడికి ఉపన్యాసం ఇచ్చాను.

నగరి కుంకుమ

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న కథ. ఉద్యోగంలో నా చివరి రోజుల్లో జరిగింది.

నగరిలో మునిరత్నం గారని మరమగ్గాల మీద చీరలు నేయించే మనిషి. మంచి పనివాడు, మాట నిలబెట్టుకునేవాడు. వాళ్ళ చీరల అంచులూ పువ్వులూ గీసేది ఆయన కోడలు సుగుణ. గడుల కాగితం మీద గీసే పనిని ఆ అమ్మాయి ఫోన్‌లో గీయడం నేర్చుకుంది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో గీస్తుంది. తీగ పెట్టి మగ్గాల షెడ్డులోని కంప్యూటర్‌లోకి పంపుతుంది. అక్కడి నుంచి డిజైన్ మగ్గానికి పోతుంది. షెడ్డులో ఇంటర్నెట్ లేదు, అవసరమూ లేదు. కంప్యూటర్ మా దగ్గరే కొన్నారు, ఏర్పాటంతా నేనే చేశాను. ఒకే డిజైన్ రెండు చోట్లా రెండు రకాలుగా ఉంటే, ఏది తర్వాత దిద్దిందో దాన్ని ఉంచి పాతదాన్ని తీసేయమని ఆ ప్రోగ్రాముకు చెప్పి పెట్టాను. బుద్ధిమంతమైన నియమం అనుకున్నాను.

నెల తిరిగేసరికి మునిరత్నం గారి నుంచి కబురు. దిద్దిన డిజైన్లు మాయమై పాతవే వస్తున్నాయి. చెన్నై కొట్టువాళ్ళు గోపురం అంచులో నడిమి ఆకు వద్దన్నారు. సుగుణ తీసేసింది. తెల్లారి మగ్గం మీద చూస్తే ఆకు ఉంది. మళ్ళీ తీస్తే, అది మళ్ళీ వచ్చిందని ఎవరూ గమనించక ఆకుతోనే పన్నెండు చీరలు నేసేశారు, కొట్టువాళ్ళు వెనక్కి పంపేశారు.

నేను పోయేసరికి భోజనాల వేళ, మగ్గాలు ఆగి ఉన్నాయి. మునిరత్నం గారు ఎదురొచ్చి, తప్పు ఎవరిదో ఆయనే చెప్పేశారు.

“ఆయమ్మికి చెయ్యి నిలకడ లేదు సార్. దేన్నో నొక్కేస్తాది. గీత మారిపోతాది.”

సుగుణ కంప్యూటర్ పక్కనే నిలబడి ఉంది. ఆమె నాతో ఏదో చెప్పబోయింది. కొత్తగా గీసింది కంప్యూటర్‌లోకి సరిగ్గానే పోతుందనీ, దిద్దిందే నిలవడం లేదనీ, అదీ ఫోన్‌లో దిద్దితేనే అనీ. చెప్పబోయింది కాదు, చెప్పింది. నాకు ఆ మాటలు ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయంటే అప్పుడు నా చెవిన పడ్డట్టే కదా. కానీ అప్పటికే నా కన్ను కంప్యూటర్‌కు తీగ పెట్టే రంధ్రం మీద పడింది. దాని చుట్టూ గంధం బొట్టు, మధ్యలో కుంకుమ. ప్రారంభోత్సవం నాటిది. ఫోన్ తిప్పి చూస్తే దానికీ అంతే.

నా ఆనందం ఏమని చెప్పను. ముప్పై ఏళ్ళుగా వేదికల మీద వెతికిన రుజువు నాకు నగరిలో ఒక రంధ్రంలో దొరికింది. సూది తీసుకుని గీకితే గట్టిపడిన గంధం పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. దాన్ని తెల్లకాగితం మీద పోసి, మునిరత్నం గారికీ, భోజనం ముగించి వచ్చిన మగ్గం పనివాళ్ళకూ చూపించాను. యంత్రం నడవడానికి కావాల్సింది బొట్టు కాదు, శుభ్రత అని మొదలుపెట్టి, ఆదిమానవుడి నుంచి ఈనాటి దాకా వచ్చాను. మగ్గాల చప్పుడు లేకపోవడంతో నా గొంతు షెడ్డంతా ఖంగుమని మోగింది. పనివాళ్ళు కదలకుండా విన్నారు. భోజన విరామం అంత పొడుగ్గా సాగడం వాళ్ళకు ఇష్టమే.

చివర్లో ఒక మాట అన్నాను. ఈ వృత్తిలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ మాట. “ఇక యంత్రంలో ఏ దోషమూ లేదు. మళ్ళీ ఇట్లా జరిగితే అది యంత్రం తప్పు కాదు.”

సుగుణ ఫోన్

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం సుగుణ ఫోన్ చేసింది. ఆకు మళ్ళీ వచ్చిందట. ఈసారి మునిరత్నం గారు కోపగించుకోలేదట, అదే ఆమెకు ఎక్కువ భయం వేసింది. నెమ్మదిగా, ‘యంత్రం తప్పు కాదని ఆ నాస్తికం సారే చెప్పినాడు, దేవుణ్ణే నమ్మనోడు అబద్ధం చెప్పి ఏం లాభం’ అన్నారట. కంచి నుంచి డిజైన్లు గీసే మనిషిని మాట్లాడుకున్నారు. వచ్చే వారం వచ్చి చేరతాడు. సుగుణ ఇక డిజైన్ల జోలికి రానక్కర్లేదు, నూలు కండెలు చుట్టే పని చూసుకోవచ్చు.

మూడేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని అది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఉన్న కాస్త విలువా ఆ పనివల్లే వచ్చింది.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు.

“సార్, ఆ పొద్దు మీరు చానా బాగా మాట్లాడినారు. నేను చెప్పింది మాత్రం వినలే.”

ఎన్నో వేదికల మీద ఎందరో పండితులు నన్ను ఓడించాలని చూశారు. ఎవరివల్లా కాలేదు. ఆ అమ్మాయి ఒక్క మాటతో నన్ను కుర్చీలో కూలేసింది. ఎందుకంటే ఆ రోజు ఆమె చెప్పినదాంట్లోని తర్కం నాకు అప్పుడే తెలిసింది. రంధ్రంలో కుంకుమ అడ్డుపడితే ఏదీ పోకూడదు. కొత్తవి పోయి, దిద్దినవి మాత్రమే పోకుండా ఆగడం కుంకుమ చేసే పని కాదు. కుంకుమకు చదవడం రాదు. ఈ పాటి ఆలోచన చిన్న పిల్లలకు కూడా తడుతుంది. నాకు తట్టలేదు. నాకు కావాల్సిన దోషి నా కళ్ళ ముందు బొట్టు పెట్టుకుని కూర్చుంటే, ఇంకో దోషి కోసం ఎందుకు వెతుకుతాను? జాతకం చూసేవాడు చేసేది కూడా ఇదే. తనకు కావాల్సింది దొరకగానే చూడటం ఆపేస్తాడు.

మంచిరోజు

మరుసటి రోజు నగరికి పోయాను. మంగళవారం. పిలవకుండా వచ్చినందుకు మునిరత్నం గారు ఆశ్చర్యపోయారు గానీ కుర్చీ వేయించారు. నేను నోరు మూసుకుని కూర్చుని, రోజూ ఏం చేస్తావో అదే నా ముందు చేయమని సుగుణను అడిగాను.

ఆమె ఫోన్‌లో గోపురం అంచు తెరిచింది, నడిమి ఆకు తీసేసింది, భద్రపరిచింది. తీగ పెట్టింది. రెండు నిమిషాలయ్యాక ఫోన్‌లో మళ్ళీ తెరిచింది. ఆకు వచ్చి కూర్చుంది. మునిరత్నం గారు “చూస్తిరా” అన్నట్టు నా వైపు చూశారు. చూశాను. ఆమె వేలు తప్పుగా ఎక్కడా పడలేదు.

కంప్యూటర్‌లో ఉన్న పాత డిజైన్ ఏ రోజున దిద్దినట్టు నమోదైందో తెరిచి చూశాను. నా కంటే ముందు సుగుణ చదివింది.

“ఈ తేదీ ఇంకా రాలేదు కదా సార్.”

నిజమే. ఆ తేదీకి ఇంకా రెండు రోజులు ఉంది. తెర మీద కుడి మూలన చూశాను. కంప్యూటర్ మన కంటే ఇరవై రెండు రోజులు ముందు బతుకుతోంది. పోయినసారి ఉపన్యాసం ఇచ్చినంతసేపూ ఆ మూల నా ముక్కు ఎదురుగానే ఉంది.

తేదీ ఎవరు మార్చారని అడిగాను. మునిరత్నం గారు ఏ మాత్రం తడబడలేదు. పైగా కొంచెం గర్వంగానే చెప్పారు.

“నేనే మార్పించినాను. అది వచ్చినప్పుడు మూఢం సార్. కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదంటిరి అయ్యవారు. మంచిరోజు చూస్తే మూడు వారాలు దాటినాక శుక్రవారం ఉండాది. ఆర్డరు అంతవరకు ఆగుతాదా? అందుకే దాని తేదీని ఆ శుక్రవారానికి తిప్పి, పూజ చేసి మొదలుపెడితిమి. మూఢం మనకు గానీ, దానికేముండాది?”

అందరికీ అర్థమయ్యేలా చెప్తాను. కంప్యూటర్‌లోకి వచ్చిన ప్రతి డిజైన్ మీదా రాబోయే తేదీ పడింది. సుగుణ ఫోన్‌లో ఈ రోజు దిద్దితే, దాని మీద ఈ రోజు తేదీ పడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రోగ్రాము, రాబోయే తేదీ ఉన్న కంప్యూటర్ డిజైనే తర్వాతదని నమ్మి, సుగుణ దిద్దినదాన్ని పాతది కింద కొట్టిపారేసింది. తర్వాతదాన్ని ఉంచమని దానికి చెప్పింది నేనే. అది తన పని బుద్ధిగా చేసింది. ఆ గదిలో తప్పు చేయనివాళ్ళు ఇద్దరే, ప్రోగ్రామూ సుగుణా.

ఈ సంగతి నేను మునిరత్నం గారికి ఉపన్యాసం లేకుండా, నాలుగు మాటల్లో చెప్పాను. పోయినసారి నేను చెప్పింది తప్పనీ, మీ కోడలు ఆ రోజే సరిగ్గా చెప్పినా నేను వినలేదనీ పనివాళ్ళ ముందే ఒప్పుకున్నాను. ఆయన కంప్యూటర్ వైపు, మంచం మీద జబ్బు మనిషిని చూసినట్టు చూశారు.

ఇక తేదీ వెనక్కి తిప్పడమే మిగిలింది. సుగుణ చెయ్యి ముందుకు చాపింది. మునిరత్నం గారు అడ్డుపడ్డారు.

“ఉండు. ఈ పొద్దు మంగళారం. తేదీ తిప్పేదంటే మళ్ళీ కొత్తగా మొదలుపెట్టినట్టే కదా. రేపు చూస్తాం.”

నా రక్తం మరిగింది. ఇంత జరిగాక కూడా ఈ మాటా? నా జీవితంలో చేసిన ఉపన్యాసాలన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. మంగళవారం మీద నాకు విడిగా ఒక గంట ప్రసంగం ఉంది. ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టబోతుండగా సుగుణ నెమ్మదిగా అంది.

“మంగళారం మనకు మామా. దానికి ఈ పొద్దు బుధవారం.”

మునిరత్నం గారు వంగి తెర మూలలో చదివారు. బుధవారమనే ఉంది. పైకి లేచారు, కోడలి ముఖం చూశారు, మళ్ళీ వంగి చదివారు. ఆయన వేసిన లెక్క ఆయనకే ఎదురొచ్చి నిలబడింది. దాన్ని కాదంటే ప్రారంభోత్సవమే చెల్లదు.

“సరే, కానీ” అన్నారు.

హేతువాదిగా నేను ఆ వాదాన్ని ఖండించాలి. మూఢనమ్మకాన్ని ఇంకో మూఢనమ్మకంతో గెలవడం మా పద్ధతి కాదు. కానీ నా పద్ధతిలో పోయినసారి ఏం జరిగిందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, పీల్చుకున్న ఊపిరిని మాట లేకుండా వదిలేశాను.

సుగుణ తేదీ తిప్పింది. నేను డిజైన్లన్నిటికీ ఇంకో నకలు తీసి పెట్టి, వాటి మీద పడ్డ తప్పుడు తేదీలను ఒక్కొక్కటిగా దిద్దాను. సాయంత్రం అయింది. ఆమె ఫోన్‌లో మళ్ళీ ఆకు తీసి, తీగ పెట్టింది. షెడ్డులో ఉన్న వాళ్ళందరూ పని ఆపి తెర చుట్టూ చేరారు. ఫోన్‌లో ఆకు లేదు. కంప్యూటర్‌లో ఆకు లేదు. మగ్గానికి ఎక్కించి జానెడు నేసి చూశారు. గోపురాలు వరసగా నిలబడ్డాయి, మధ్యలో ఆకు లేదు.

మునిరత్నం గారు ఆ జానెడు గుడ్డను వేళ్ళతో తడిమి, జేబులోంచి ఫోన్ తీసి కంచికి చేశారు.

“రావొద్దులేప్పా. గీసే మనిషి మా ఇంట్లోనే ఉండాది.”

ఫోన్ పెట్టేసి కోడలి వైపు తిరిగారు. ఏదైనా మంచి మాట అనాలని ఆయనకు ఉన్నట్టుంది, నోటికి రాలేదు. పని గురించే అడిగారు.

“అయితే ఆ నడిమి ఆకు తీసేస్తివా?”

“అయిదుసార్లు తీసినాను మామా” అంది సుగుణ.